కూలికి పోని ఇల్లు

రెండు ఇన్సూరెన్సు కంపెనీలు ఒక ఇనుప పిన్ను గురించి రెండున్నర ఏళ్లు కొట్లాడుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ పిన్ను జానెడు పొడుగు, బొటనవేలంత లావు ఉంటుంది. ట్రాక్టరు వెనక ఉండే హుక్కునూ ట్రాలీ ముందరి ఇనుప కమ్మీనీ కలిపి, రెండు కన్నాల్లోంచి పిన్ను దిగేస్తే ట్రాక్టరూ ట్రాలీ ఒక బండి అవుతాయి. పిన్ను తీసేస్తే దేనికది వేరు. ఆ రెండింటి మధ్య నా కొడుకు కుడికాలు నలిగింది. మోకాలి కింది నుంచి తీసేశారు. కాలు పోలేదని మాత్రం ఏ కంపెనీ అనలేదు, అంతవరకు వాళ్ల దయ. పిన్ను పడ్డాక పోయిందా, పడకముందు పోయిందా అన్నదే వాళ్లకు పట్టిన రంది.

మాది చిమ్కోడ్. కర్ణాటకలో, బీదరుకు దగ్గరే. మాకున్నది రెండెకరాల చేను. వానాకాలం పెసర, కంది, సోయా వేస్తాం. ట్రాక్టరు ఊళ్లో పటేలుది. మాలాంటి చిన్న రైతుల చేలన్నీ ఆయన ట్రాక్టరే దున్నుతుంది. దున్నినందుకు మేము పైసలివ్వం. చలికాలంలో ఆయన చెరకు కోతకొచ్చినప్పుడు మా ఇంటి మనిషి పోయి చెరకు మోపులు ట్రాలీకెత్తుతాడు. దీన్ని మేము బదులు అంటాం. ఆయన పని మనం, మన పని ఆయన. ఎవరూ రాసుకోరు, ఎవరూ అడగరు.

బదులుకు పోయేవాడు వేరు, కూలికి పోయేవాడు వేరు. కూలివాడు పొద్దుగూకాక చెయ్యి చాపి నిలబడతాడు. బదులుకు పోయినవాడు తువ్వాల దులుపుకొని భుజాన వేసుకొని ఇంటికొస్తాడు. మా అత్త ఈ తేడా మీదే బతికింది. ఆమె పోయాక ఆ గొప్ప నాకొచ్చింది. కొడుక్కి పిల్లను చూడటానికి జహీరాబాద్ వైపు పోయినప్పుడు కూడా, చేను ఎంత అని వాళ్లు అడగకముందే, మా ఇంట్లో ఎవరూ కూలికి పోలేదని చెప్పాను. వాళ్లు ఆ మాటకే పిల్లనిచ్చారని చాలా ఏళ్లు అనుకున్నాను. ఆ పిల్లే నా కోడలు. అరవై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆమే. తెలుగు బడిలో చదువుకున్నది కాబట్టి తెలుగే నేర్పింది.

ఆ ఏడు పటేలు ట్రాలీకి ఇరుసు విరిగింది. బగ్దల్‌లో ఉన్న బావమరిది ట్రాలీని అడిగి తెచ్చుకున్నాడు. చెరకు కాలంలో ఇదేం వింత కాదు. ట్రాక్టరు ఒకరిది, ట్రాలీ ఒకరిది, లోపలి చెరకు ఇంకొకరిది. ఊళ్లో ఎవరికీ తికమక ఉండదు. తికమకంతా బండి పట్నంలోని కాగితాల్లోకి ఎక్కినాకే మొదలవుతుంది. ట్రాక్టరుకు పటేలు ఒక కంపెనీలో ఇన్సూరెన్సు కట్టాడు. ట్రాలీకి బావమరిది ఇంకో కంపెనీలో కట్టాడు. వాటి పేర్లకు నా నోరు తిరగదు, తిరిగినా రాయను. ట్రాక్టరు కంపెనీ, ట్రాలీ కంపెనీ అంటాను.

చెరకు నింపిన ట్రాలీ చేలో నిలబడి ఉంది. ముందురోజే నీళ్లు పారిన నల్లమట్టి. చక్రాల కింద రాళ్లు పెట్టారు. డ్రైవరు ట్రాక్టరును వెనక్కి తెస్తున్నాడు. పిన్ను దిగేయడానికి మధ్యలో ఒక మనిషి నిలబడాలి కదా, నిలబడ్డది నా కొడుకు. వాడు పిన్ను కొడుతుండగా ట్రాక్టరు రావలసిన దానికంటే రెండడుగులు ఎక్కువ వచ్చింది. అదే సమయానికి చక్రం కింది రాయి జారి ట్రాలీ ముందుకు కదిలింది. ఒకటి వెనక్కి, ఒకటి ముందుకు. ఇంతే జరిగింది. చూసినవాళ్లు ఎనిమిది మంది ఉన్నారు, ఎనిమిది మందీ ఒకే మాట చెప్పారు. ఇందులో తేల్చడానికి ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, మొదటి వారం దవాఖానలో పటేలే అన్నీ చూసుకున్నాడు. తన జీపులోనే తీసుకుపోయాడు. మంచం దగ్గర నిలబడి, వీడు నా కొడుకు లెక్క అక్కా, నువ్వు ఫికర్ చెయ్యకు అన్నాడు. వారం తర్వాత ఎవరో బుద్ధిమంతుడు ఆయన చెవిలో, ఇన్సూరెన్సు ఉండగా నువ్వెందుకు పెట్టాలని ఊదాడు. ఆ రోజు నుంచి నా కొడుకు మళ్లీ నా కొడుకే అయ్యాడు.

కాలు తీసిన నెలకు ట్రాక్టరు కంపెనీ మనిషి ఇంటికొచ్చాడు. కోడలు నా కొడుకును కట్టు మార్పించడానికి దవాఖానకు తీసుకుపోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే. వచ్చినవాడు తెల్లటి చొక్కా వేసుకొని, చెప్పులు బయటే విడిచి, చాప మీద కూర్చున్నాడు. చాయ్ ఇస్తే తాగాడు. చక్కటి తెలుగు మాట్లాడాడు. మా దగ్గర ఆఫీసువాళ్లు ఎవరొచ్చినా కన్నడంలో గద్దిస్తారు కాబట్టి, ఆ తెలుగు వినేసరికే నేను సగం కరిగిపోయాను. నా మోకాలి నొప్పి గురించి కూడా అడిగాడు. అసలు సంగతి ఆ తర్వాత అడిగాడు.

"పటేలు గారు మీ అబ్బాయికి రోజుకెంత ఇచ్చేవారు, పెద్దమ్మా?"

"ఇచ్చుడేంది? నా కొడుకు కూలోడు కాదు. మా ఇంట్ల ఎవ్వరు కూలికి పోలె."

"మరి చెరకు ఎత్తడానికి ఎందుకెళ్లాడు?"

"బదులుకు పోయిండు. ఊర్ల ఒకరికొకరం."

"అంటే సాయానికి వెళ్లాడన్నమాట."

"సాయానికే అనుకో బిడ్డా."

వాడు ఇంగ్లీషులో రాసుకున్నాడు. రాసింది తెలుగులో చదివి వినిపించాడు. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీసేయలేదు. నేను అన్నదే అంత శుభ్రంగా వినిపిస్తుంటే నాకు ముచ్చటేసింది. వేలిముద్ర వేస్తారా, సంతకం చేస్తారా అని అడిగాడు. దస్కతు చేస్త అన్నాను. నా పేరు, ఇంటి పేరు, గుణింతం తప్పకుండా, నిదానంగా రాశాను. చాలా బాగా రాశారు పెద్దమ్మా అన్నాడు. ఎందుకు అనడు? నెల జీతానికి సరిపడా పని ఆ ఒక్క చాయ్‌తో అయిపోయింది.

వాడు నన్ను మోసం చేశాడని చాలామందితో చెప్పాను. అది అబద్ధం. మోసం చేసింది నా నోరే.

బీదరులో ఒక వకీలును పట్టుకున్నాం. ముసలాయన, ఉర్దూ తెలుగు కలిపి మాట్లాడేవాడు. పనిలో ఉండగా దెబ్బ తగిలితే పనిలో పెట్టుకున్న యజమాని నష్టం కట్టాలి, ఆ యజమాని తరఫున ఇన్సూరెన్సు కంపెనీ కట్టాలి, చట్టం ఇంతేనమ్మా అన్నాడు. వినడానికి చాలా సుళువుగా ఉంది. పటేలు మీదా, రెండు కంపెనీల మీదా కేసు వేశాడు. నా కొడుక్కి కావలసింది ఎక్కువేం లేదు. ఒకటి మంచి కట్టుడు కాలు, రెండోది, చేను అమ్ముకోకుండా ఇల్లు గడిచే ఆధారం. అప్పటికే చేను కొంటామని ఇద్దరు వచ్చి చుట్టూ తిరిగి చూసిపోయారు. పడిపోయినవాడి చేను చూడటానికి జనం ఎంత త్వరగా వస్తారో నేను అప్పుడే చూశాను.

కంపెనీలు జవాబులు వేశాయి. ట్రాక్టరు కంపెనీ ఏమందంటే, అప్పటికి పిన్ను పడలేదు, ట్రాలీ దానంతట అదే జారి వచ్చి గుద్దింది, కాబట్టి ట్రాలీ కంపెనీదే జిమ్మేదారి. ట్రాలీ కంపెనీ ఏమందంటే, పిన్ను పడింది, పడ్డాక ట్రాలీ అనేదే లేదు, మొత్తం ట్రాక్టరే, కాబట్టి ట్రాక్టరు కంపెనీదే జిమ్మేదారి. ఇవి రెండూ విన్నాక నేను వకీలును అడిగాను.

"ట్రాలీ దానంతట అది నడుస్తదా, సాబ్?"

"కాగితంల నడుస్తదమ్మా," అన్నాడు ఆయన, పాన్ నములుతూ.

ప్రతి తారీకుకు ఒక పూట పోయేది. పొద్దున్నే బస్సెక్కి పోవడం, కోర్టు వరండాలో కూర్చోవడం, మధ్యాహ్నం దాటాక ఇంకో తారీకు ఇచ్చారని విని తిరిగి రావడం. నా కొడుకు చంక కర్రలతో మెట్లు ఎక్కేవాడు. ఆ మెట్ల మీద ఇద్దరు కంపెనీ వకీళ్లు నిలబడి తలలు దగ్గర పెట్టి నవ్వుకునేవాళ్లు. లోపలికి పోగానే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. నాటకం వేసేవాళ్లు కూడా రంగు కడుక్కున్నాకే కదా నవ్వుకునేది. వీళ్లకు ఆ ఓపిక కూడా లేదు.

ఒకరోజు నా కొడుకును బోనులో నిలబెట్టి పిన్ను సంగతి అడిగారు. వాడు ఉన్నది ఉన్నట్టు చెప్పే రకం. సగం దిగింది అన్నాడు. రెండు కన్నాలు సరిగా కలవలేదు, సుత్తితో ఒక దెబ్బ వేశాను, సగం దిగింది, ఇంకో దెబ్బ వేసేలోపు అయిపోయింది అన్నాడు. ఇది రెండు కంపెనీలకూ పనికిరాలేదు. సగం పిన్ను అంటే పడ్డట్టా, పడనట్టా? దీని మీద నాలుగు తారీకులు నడిచాయి. ఒక వకీలు పిన్ను బొమ్మ గీసి తెచ్చాడు. కాలు బొమ్మ మాత్రం ఎవరూ గీయలేదు.

మరో రోజు డాక్టరు వచ్చాడు. కాలు ప్రకారం చూస్తే ఇంత నష్టం, మొత్తం ఒంటి ప్రకారం చూస్తే ఇంకా తక్కువ అని ఆయన కాగితం. దాని మీద ట్రాలీ కంపెనీ వకీలు, రైతు కూర్చుని చేసే పనులు కూడా ఉంటాయి కదా అని అడిగాడు. నేను వెనక బల్ల మీద కూర్చుని వింటున్నాను. కూర్చుని చేసే సేద్యం ఏదో ఆయన చెబుతాడేమోనని చూశాను. నేను కూడా నేర్చుకునేదాన్ని. చెప్పలేదు.

ఇంతలో ట్రాక్టరు కంపెనీ వకీలు నా కాగితం తీశాడు. గాయపడ్డ వ్యక్తి తల్లి స్వయంగా ఇచ్చిన వాంగ్మూలం, స్వయంగా చేసిన సంతకం అంటూ జడ్జికి ఇచ్చాడు. కూలికి పోలేదు, సాయానికి పోయాడు, కాబట్టి అతను పనివాడే కాదు, పనివాడు కాకపోతే ఈ చట్టమే వర్తించదు, పిన్ను పడ్డా పడకపోయినా ఎవరూ ఏమీ ఇవ్వనక్కర్లేదు. ట్రాలీ కంపెనీ వకీలు వెంటనే లేచి మేమూ అదే అంటున్నాం అన్నాడు. రెండేళ్లుగా ఒక్క మాట మీద కలవనివాళ్లు నా సంతకం దగ్గర ఒక తల్లి బిడ్డలైపోయారు. పటేలు వకీలు కూడా తల ఊపాడు. నా కొడుకు పనివాడు కాకపోతే ఆయనా బయటపడతాడు కదా.

ఆ రోజు మా వకీలు నా మీద మొదటిసారి గరమైనాడు. ఈ కాగితం సంగతి ముందెందుకు చెప్పలేదమ్మా అన్నాడు. అది కాగితమని నేననుకోలేదు, ఇంటికొచ్చిన మనిషితో మాట్లాడాననుకున్నాను.  అయితే నన్నే సాక్షిగా పిలుస్తానన్నాడు ఆయన. బదులంటే ఏందో నాకు అర్థమయ్యేటట్టు చెప్పు అన్నాడు. చెప్పాను. విని మెల్లగా అడిగాడు.

"పటేలు ఎప్పుడన్న మీ చేన్ల కలుపు తీసిండా?"

"ఆయనెందుకు తీస్తడు, సాబ్."

"మీ ఇంట్ల పెండ్లికి కట్టెలు కొట్టిండా?"

"పటేలు కట్టెలు కొట్టుడేంది?"

"మరి నీ కొడుకు ఆయన ఇంట్ల అవన్ని చేసిండు గద?"

చేశాడు. చెరకొక్కటే కాదు. పెళ్లికి పందిరి వేశాడు, బావి పూడిక తీశాడు, కొట్టంలో గడ్డి వేశాడు. ట్రాక్టరు మా చేలోకి ఏడాదికి రెండు పూటలు వస్తుంది. అది కూడా అందరివీ అయ్యాక వస్తుంది. నా కొడుకు ఆయన దగ్గరకు ఎన్ని పూటలు పోయాడో నేను ఎన్నడూ అనుకోలేదు. అనుకోకపోవడమే మా ఇంటి గొప్ప. బస్సులో తిరిగి వస్తుంటే మా అత్త మీద కోపమొచ్చింది. చనిపోయిన మనిషి మీద కోపమెందుకని నా మీదికే తిప్పుకున్నాను.

నేను సాక్ష్యం చెప్పడానికి రెండు రోజుల ముందు పటేలు ఇంటికొచ్చాడు. కాలు పోయాక మా గడప తొక్కడం అదే రెండోసారి. నా కొడుకు మంచం మీద లేచి కూర్చున్నాడు. పటేలు వాడివైపు చూడకుండా నాతోనే మాట్లాడాడు.

"అక్కా, బదులనే చెప్పు. మనది ఎప్పటి సంబంధం. కూలి అంటె నీ ఇంటికి ఇజ్జత్ ఉంటదా? కేసు ఏమైన గాని, నీ చేను నేను దున్నుత. పైస అడగ."

  ఆయన అన్నదాంట్లో తప్పు మాట లేదు, అంతా నేను నలభై ఏళ్లుగా చెబుతున్నదే. నా మాటలే తిరిగి నాకు బేరం పెడుతున్నాడు. ఆయన పోయాక కోడలు గిన్నెలు తోముతూ, చేను దున్నుతడట, కాలు మాత్రం మొలిపించడట అంది. నా కొడుకు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సాక్ష్యం రోజు నన్ను బోనులోకి పిలిచారు. జడ్జి కన్నడంలో అడిగాడు, నేను తెలుగులో చెబుతానంటే చెప్పమన్నాడు. పక్కన ఒక గుమాస్తా అటూ ఇటూ మార్చి చెబుతున్నాడు. ట్రాక్టరు కంపెనీ వకీలు ముందుగా నా సంతకం చూపించాడు. ఇది మీదేనా అంటే నాదే అన్నాను. బలవంతంగా చేయించారా అంటే లేదన్నాను. మా వకీలు మొహం చిన్నబోయింది. అబద్ధం చెప్పి ఉంటే ఆయనకు సుళువయ్యేదేమో. అక్కడ అప్పటికే అబద్ధాలు చెప్పేవాళ్లు సరిపడా ఉన్నారు.

"మా ఇంట్లో ఎవరూ కూలికి పోలేదని మీరే చెప్పారు. అది అబద్ధమా, లేక ఈరోజు చెప్పబోయేది అబద్ధమా?" అని అడిగాడు వకీలు. ఆ ప్రశ్న అడిగినందుకు తనను తానే మెచ్చుకుంటున్నట్టు కోటు సర్దుకున్నాడు.

"అప్పుడు గొప్పకు చెప్పిన. ఇప్పుడు ఉన్నది చెప్తున్న."

"ఉన్నది ఏమిటి?"

"పొద్దుగాల పటేలు మనిషి ఇంటి ముందల నిలబడి పిలుస్తడు. పోవాలె. పోకుంటె ట్రాక్టర్ మా చేన్లకు రాదు. ట్రాక్టర్ రాకుంటె విత్తనం పడదు. ఎక్కడ నిలబడమంటె అక్కడ నిలబడాలె. ఆ దినం ఆ రెండిట్ల మధ్య నిలబడమన్నరు, నిలబడ్డడు. గట్ల పోయేటోణ్ణి ఏమంటరో నాకు తెల్వలె, సారు. నేను మంచి పేరు పెట్టుకున్న. మీరు చదువుకున్నోళ్లు, మీరే పేరు రాయుండ్రి."

గుమాస్తా కన్నడంలోకి మార్చడానికి కొంచెంసేపు పట్టింది. మధ్యలో ఆగి నన్ను మళ్లీ అడిగాడు, నేను మళ్లీ చెప్పాను. జడ్జి రాసుకున్నాడు. వకీలు ఇంకో ప్రశ్న వేశాడు.

"అంటే మీ కొడుకు కూలివాడని మీరే ఒప్పుకుంటున్నారా?"

ఆ గదిలో మా ఊరివాళ్లు నలుగురున్నారు. పటేలు ముందు వరసలో ఉన్నాడు. నా కొడుకు తలుపు దగ్గర బల్ల మీద, చంక కర్రలు ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు.

"కూలోడే," అన్నాను.

ఇంకా చాలా మాటలు నోటి చివర దాకా వచ్చాయి. ఆ వకీలును కూడా ఎవరో పిలిస్తేనే వస్తున్నాడు కదా, ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడుతున్నాడు కదా అని. మా వకీలు ముందే చెప్పాడు, అడిగినదానికి మించి ఒక్క మాట వద్దని. మింగాను. ఇప్పుడు ఇక్కడ రాశాను కాబట్టి కడుపు ఉబ్బరం తగ్గింది.

బస్టాండులో మా ఊరి బస్సు ఆలస్యమైంది. నా కొడుకు బల్ల మీద, నేను పక్కన.  నలుగురిలో నిన్ను అట్లా అనాల్సి వచ్చింది బిడ్డా, మనసులో పెట్టుకోకు అన్నాను. వాడు పోయే వచ్చే బస్సుల్ని చూస్తూనే అన్నాడు.

"అమ్మా, నేను ఎప్పుడు కూలోణ్ణే. నాకు ఎప్పటినుంచో ఎరుకే. నువ్వే బాధపడతవని తువ్వాల దులుపుకొని వొచ్చేటోణ్ణి."

నేను కొంగు నెత్తి మీదికి లాక్కొని కూర్చున్నాను. బస్సు వచ్చింది. ఎక్కించడానికి చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు.

కొన్నాళ్లకు తీర్పొచ్చింది. మా వకీలు చదివి చెప్పాడు. పిలిస్తే పోయి, చెప్పిన పని చేసి, దానికి బదులుగా చేను దున్నించుకునేవాడు పనివాడే, ప్రతిఫలం చేతిలోనే పడాలని లేదు అని జడ్జి రాశాడట. ఇంత చిన్న మాట చెప్పడానికి అన్ని తారీకులు కావాలా అనుకున్నాను. కానీ చెప్పాడు, అందుకు దండం. సగం పిన్ను సంగతి మాత్రం ఆయనకూ తెగలేదు. ట్రాక్టరు కంపెనీ ముందు మొత్తం మాకు కట్టాలి, ఆ తర్వాత ట్రాలీ కంపెనీ దగ్గర ఎంత వసూలు చేసుకోగలదో చేసుకోవాలి అన్నాడు.

కట్టారు. గడువు ఆఖరి రోజున, కోర్టులో. కట్టిన మరుసటి వారమే ట్రాక్టరు కంపెనీ ట్రాలీ కంపెనీ మీద వసూలు కేసు వేసింది. ట్రాలీ కంపెనీ పై కోర్టుకు పోయింది. అందులో మా పేర్లు కూడా ఉన్నాయట, నోటీసు వచ్చింది. మీరు రానక్కర్లేదు, ఇక వాళ్లలో వాళ్ల కొట్లాట అన్నాడు వకీలు. నా కొడుకు కాలు పోయి నాలుగో ఏడు నడుస్తోంది. ఆ పిన్ను ఇప్పటికీ సగంలోనే ఉంది. ఇటు దిగదు, అటు రాదు. దాని మీద ఎందరు వకీళ్ల పిల్లలు చదువుకుంటున్నారో.

కట్టుడు కాలు వచ్చింది. గట్టి నేల మీద బాగానే నడుస్తాడు. వాన పడ్డ నల్లమట్టిలో దిగబడుతుంది, అప్పుడు ఊడదీసి గట్టు మీద పెట్టి కూర్చుంటాడు. చేను అమ్మలేదు. చూసిపోయిన ఇద్దరూ ఇప్పుడు దారిలో కనిపిస్తే ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతారు.

పటేలు మాత్రం మాటకు కట్టుబడ్డ మనిషి అనిపించుకోలేదు. మా చేను దున్నలేదు. దున్నుతాడని నేనూ అనుకోలేదు. బగ్దల్ నుంచి గంటకింత అని ఒక ట్రాక్టరును పిలిపించి దున్నించాం. అంతటితో ఆగితే బాగుండేది. తీర్పు సంగతి ఊళ్లో పాకేసరికి బదులుకు పోయే ఇళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. రేపు మాకేమన్నా అయితే ఎట్లా అని ఇద్దరు ముగ్గురు పటేలును అడిగారట. ఆయనకు మంటెత్తింది. ఇక నుంచి బదులు లేదు గిదులు లేదు, దున్నితే పైసలు కట్టండి, పనికొస్తే పైసలు తీసుకోండి అన్నాడు. విత్తే సమయంలో చేతిలో పైసలు ఎవరికున్నాయి? మా పక్కింటి ఆమెకు మూడెకరాలు, ఆమె చేను ఈసారి ఆలస్యంగా దున్నించారు. పిండి గిర్ని దగ్గర నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉండగా ఆమె నన్ను అడ్డగించింది.

"నీ కొడుక్కు కాలొచ్చింది అక్కా, మంచిగైంది. కని నీ నోటితోటి ఊరంతటిని కూలోళ్లను చేస్తివి."

"ఇంతకుముందు ఏమున్నమే?" అన్నాను. "పైసలు తీసుకోని కూలోళ్లం."

ఎవరూ నవ్వలేదు. గిర్నివాడు మిషను ఆపేసి వింటున్నాడు. ఆమె జొన్నపిండి డబ్బా నెత్తికెత్తుకొని, పిండి ఇంకా వేడిగా ఉండగానే వెళ్లిపోయింది. ఆమెదీ పూర్తిగా తప్పు కాదు. ఆలస్యంగా విత్తిన చేను ఆమెది, నాది కాదు. నేను అన్న మాట నిజమైనా, దానితో ఆమె చేను దున్నబడదు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ మాట వెనక్కి తీసుకోను. నలభై ఏళ్లు ఒక అబద్ధాన్ని బంగారంలా దాచుకున్నాను, నిజాన్ని రెండు నెలలైనా కాపాడుకోకపోతే ఎలా?

అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. ఆమె మగడు మాత్రం ఈ చలికాలం చెరకుకు పోయే ముందు పటేలు ఇంటి గుమ్మంలో నిలబడి, రోజుకెంత, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు అని గట్టిగా అడిగి, నలుగురి ముందు ఒప్పించుకున్నాకే ట్రాలీ దగ్గరకు పోయాడు. పిన్ను వేయడానికి మధ్యలో నిలబడమంటే, ముందు ట్రాక్టరు బందు చెయ్యి అన్నాడట. డ్రైవరు బందు చేశాడట.